ఖాళీ గడి

ఇంట్లో ఆమెను ముక్కు అని పిలిచేవారు. ముక్కు పెద్దదని కాదు. కోపం ఎప్పుడూ దాని మీదే ఉంటుందని. వీధిలోవాళ్లూ అదే పట్టుకున్నారు. బడిలో హాజరు పిలిచినప్పుడు తప్ప అసలు పేరు ఎక్కడా వినపడేది కాదు.

చిన్నప్పటి కోపాలు చిన్నవి. దువ్వెన దాచారని, పలకరించలేదని. పొద్దున వచ్చి సాయంత్రానికి పోయేవి. పదిహేడేళ్లప్పుడు ఒకటి వచ్చింది. అది పోలేదు.

ఆ రోజు అక్కకు తొలి కాన్పు. పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు బయట ఒక సిమెంటు బల్ల ఉంది. దాని మీద అమ్మ, అమ్మ పక్కన ముక్కు. పొద్దున ఎనిమిదింటికి అక్కను లోపలికి తీసుకుపోయారు. వార్డు తలుపుకి రెండు ఊగే రెక్కలు. రెక్క తెరుచుకున్నప్పుడల్లా అక్క గొంతు బయటికి వచ్చేది.

"ఎవరైనా రండి. బిడ్డ కదలట్లేదు. ఒక్కసారి చూడండి."

రెక్క మూసుకునేది. గొంతు ఆగిపోయేది. మధ్యాహ్నం ముక్కు లేచి లోపలికి తల పెట్టింది. బల్ల దగ్గర కూచుని రాసుకుంటున్న నర్సు తల ఎత్తలేదు.

"బయట కూచో. మేం చూసుకుంటున్నాం."

సాయంత్రం నాలుగు దాటాక ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు.

అంతా బాగానే ఉందన్నారు. చివర్లో ఏమైందో తెలియదన్నారు. మీ రాత అన్నారు. అక్క అత్తగారు ఆ చివరి మాటను గాల్లోనే అందుకుంది. "తొమ్మిది నెలలు మోసినదానికి తెలియాలి కదమ్మా, లోపల ఏం జరుగుతోందో," అంది. మాట మెత్తగానే ఉంది. అరటిపండులో సూది కూడా మెత్తగానే దిగుతుంది.

మూడో రోజు కాగితాలు చేతిలో పెట్టి ఇంటికి పంపించారు. ముక్కు వాటిని చదివింది. అందులో ఒక పెద్ద కాగితం నిండా గళ్లు. పైన గంటలు, వాటి కింద బిడ్డ గుండె చప్పుడు. అరగంటకొకసారి పొట్ట మీద చెవి ఆనించి, నిమిషంపాటు లెక్కపెట్టి, ఆ అంకె గడిలో రాయాలి. ఎనిమిదిన్నరకు 140. తొమ్మిదికి 140. తొమ్మిదిన్నరకు 140. అలా సాయంత్రం నాలుగు వరకు పదహారు గళ్లు. పదహారింటిలోనూ 140. నాలుగు అంకెకు తల విప్పారి ఉంది. సున్నా మూతి మూసుకోలేదు.

"పదహారుసార్లు విన్నారా అక్కా?"

అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అటు చూస్తూనే అంది.

"ఒక్కరూ చెయ్యి వెయ్యలేదే."

పుట్టక ముందే పోయిన బిడ్డ గుండె నాలుగింటికి కూడా నూట నలభై కొట్టుకుంది, కాగితం మీద. ముక్కు ఆ కాగితాన్ని మడిచి తన బట్టల అడుగున పెట్టుకుంది.

రెండేళ్ల తర్వాత, వాడవాడా తిరిగి ఇళ్ల దగ్గరే గర్భిణులను చూసుకునే మంత్రసానుల శిక్షణకు మనుషులు కావాలన్నారు. ముక్కు వెళ్లింది. బల్ల వెనక ముగ్గురు కూచున్నారు. ఎందుకు చేరాలనుకుంటున్నావని అందరినీ అడుగుతున్నారు. ముందు వెళ్లిన అమ్మాయిలంతా సేవ అన్నారు.

"కోపంతో," అంది ముక్కు.

ఇద్దరు నవ్వారు. మూడో మనిషి నవ్వలేదు. నలభై ఏళ్లు కాన్పులు చేసిన ముసలామె. శిక్షణ ఆమెదే. అందరూ పెద్దమ్మ అంటారు.

"ఎవరి మీద?"

"ఒక కాగితం మీద."

పెద్దమ్మ ఆమె చేతులు చూపించమంది. తిప్పి చూసింది. "గోళ్లు తీసుకుని సోమవారం రా," అంది.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"ఇంట్లో జరిగింది చాల్లేదా? మళ్లీ ఆ తలుపు దగ్గరికే పోతానంటావు. నీ బుర్ర మోకాల్లో ఉందా?"

"మోకాల్లోనైనా ఉందమ్మా. ఆ తలుపు లోపల ఉన్నవాళ్లకి అక్కడ కూడా లేదు."

అమ్మకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. పొయ్యి దగ్గరికి వెళ్లి గిన్నెలు గట్టిగా పెట్టింది.

శిక్షణలో మొదటి నెలంతా చేతులే. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం. అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకోవడం. పొట్ట మీద ఆనించి బిడ్డ వీపు ఎటుందో, తల ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పడం. తర్వాత చెక్క గొట్టం. ఒక చివర పొట్టకు, రెండో చివర చెవికి. మొదట ఏమీ వినపడలేదు. తన నెత్తురే చెవిలో హోరెత్తింది.

"చల్లటి చెయ్యి పెడితే పొట్ట బిగుసుకుంటుంది," అంది పెద్దమ్మ. "కోపంగా పెట్టినా బిగుసుకుంటుంది. నీ కోపం గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలి రా. పోయేటప్పుడు తొడుక్కుని పో. ఎవరూ ఎత్తుకుపోరు."

ఇంకో మాట కూడా అంది. అది అందరికీ చెప్పింది. "వినంది రాయకండి."

ఏడాదిన్నర అయ్యాక ఆసుపత్రి పని మొదలైంది. ఇరవై కాన్పులు సొంత చేతులతో చెయ్యాలి. ఒక్కోదానికి వార్డు పెద్ద సిస్టర్ రికార్డు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఇరవై సంతకాలుంటేనే సర్టిఫికెట్. ముక్కును వేసింది ఆ పెద్దాసుపత్రికే, ఆ ఊగే రెక్కల లోపలికే.

పన్నెండు ఇనుప మంచాలు. కారే కుళాయికి కట్టిన గుడ్డ. గోడ గడియారం ఒక్కటే. పెద్ద సిస్టర్ సన్నటి మనిషి, నడుస్తూనే మాట్లాడుతుంది, ఎవరి కళ్లలోకీ చూడదు. మొదటి రోజు ఆమె ఒక చార్టు ముక్కు చేతికిచ్చింది. ముక్కు చూసింది. 140. 140. 140. నాలుగుకి తల విప్పారి ఉంది. సున్నా మూతి మూసుకోలేదు.

ముక్కు పక్కనున్న బల్ల పట్టుకుని నిలబడింది. వార్డు ఊడ్చే ఆయమ్మ చీపురు ఆపింది.

"ఏమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?"

"ఈ అంకెలు ఎప్పుడు రాస్తారు ఆయమ్మా?"

"ఎప్పుడు తీరితే అప్పుడు," అంది ఆయమ్మ గొంతు తగ్గించి. "పొద్దున్నే వండి వార్చేస్తారు. ఆకలి ఎప్పుడేసినా వడ్డించుకోవచ్చు."

చార్టులో ఖాళీ గడి ఉంటే పైనుంచి వచ్చిన తనిఖీ అధికారి అడుగుతాడు. అబద్ధం ఉంటే అడగడు. అందుకని అక్కడ ఖాళీ ఒక్కటే నేరం.

ముక్కు నోరు మూసుకుంది. ఆమె జీవితంలో అంతకంటే కష్టమైన పని లేదు. ఒక్కో కాన్పు చేసింది. వెచ్చటి చేతులు పెట్టింది, వింది, విన్నదే రాసింది. 132. 148. 126. తర్వాత ఆ 140లు రాసే చేతి కిందికే పుస్తకం తోసింది. పెద్ద సిస్టర్ చూడకుండా సంతకం పెట్టేది. పద్దెనిమిది. పందొమ్మిది. ప్రతి సంతకానికీ ముక్కు నోట్లో ఏదో చేదుగా తిరిగేది. మింగేది. ఇంకొక్కటి, అనుకునేది.

ఇరవయ్యోది మధ్యాహ్నం వచ్చింది. బేకరీలో పనిచేసే అమ్మాయి. తొలి కాన్పు. ఏడో నంబరు మంచం. ముక్కు వేరే మంచం దగ్గర కుట్లు వేస్తున్న నర్సుకు సాయం చేసి వచ్చేసరికి రెండున్నర దాటింది. బేకరీ అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అక్కా, వచ్చినప్పటినుంచి ఎవరూ చూడలేదు. కదలడం తగ్గింది."

ముక్కు మంచానికి వేలాడుతున్న చార్టు తీసింది. రెండున్నరకు 140. మూడుకు 140. మూడున్నరకు 140. నాలుగుకు 140. గోడ గడియారం వైపు చూసింది. రెండూ నలభై.

అరచేతులు రుద్దుకుంది. కోపం చేతుల్లోకి దిగబోయింది. గుమ్మం, చెప్పులు, అని తనకు తాను చెప్పుకుంది. చెయ్యి పెట్టింది. నొప్పి వచ్చి తగ్గేదాకా ఆగి గొట్టం ఆనించింది. లెక్కపెట్టింది. తొంభై రెండు. ఇంకో నొప్పి చూసి మళ్లీ లెక్కపెట్టింది. ఎనభై ఎనిమిది. అమ్మాయిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టింది. చెవి దగ్గర నెమ్మదిగా చెప్పింది.

"బిడ్డ అలిసిపోతోంది. డాక్టర్‌ని తెస్తాను. ఇటే పడుకో. ఆయమ్మ నీ చెయ్యి వదలదు."

చార్టు పట్టుకుని పై అంతస్తుకు పరుగెత్తింది. డాక్టర్ మెట్ల దగ్గరే ఎదురయ్యాడు. చార్టు తీసుకుని చూశాడు.

"నూట నలభై ఉందిగా. ఎందుకమ్మా ఈ పరుగు? నువ్వు ఇంకా నేర్చుకుంటున్నావు. తల్లి నాడి విని ఉంటావు."

"డాక్టర్‌గారూ, ఆ చార్టులో నాలుగింటి గుండె కూడా ఉంది."

"అయితే?"

"మీ చేతి గడియారం చూడండి."

అతను చూశాడు. చార్టు చూశాడు. మళ్లీ గడియారం చూశాడు. మెట్లు రెండేసి దిగాడు.

మూడూ పదికి ఆపరేషన్ చేసి మగబిడ్డను తీశారు. మెడకు బొడ్డుతాడు రెండు చుట్లు. కొంతసేపు నీలంగా ఉన్నాడు. తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపు మందకొడిగా మొదలై, తనకేదో అన్యాయం జరిగినట్టు పెరిగింది. "అచ్చం నీలాగే," అంది ఆయమ్మ ముక్కుతో.

నాలుగింటికి పెద్ద సిస్టర్ ఆమెను బల్ల దగ్గరికి పిలిచింది. ముందు ఒక తెల్ల చార్టు పెట్టింది.

"పాతదాని మీద మరక పడిందని చెబుతాను. ఇందులో శుభ్రంగా రాయి. రెండున్నర దాకా నూట నలభై, ఆ తర్వాత నువ్వు విన్నది. ఆపరేషన్ కాన్పు నీ లెక్కలోకి రాదు. అయినా పెడతాను, ఇరవయ్యో సంతకం. నీకూ మంచిది, నాకూ మంచిది."

ముక్కు సంచిలోంచి ఒక కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగింది. విప్పి తెల్ల చార్టు పక్కన పరిచింది.

"ఇది మా అక్కది."

పెద్ద సిస్టర్ చూసింది. పదహారు గళ్లు. తన నాలుగు, తన సున్నా. ఆమె ముఖంలో ఏమీ మారలేదు.

"నాకు గుర్తు లేదు," అంది.

అది అబద్ధం కాదు. ముక్కుకు అదే భరించలేనిదయింది.

"మీకెలా గుర్తుంటుంది సిస్టర్? మీరు ఆమెను చూస్తే కదా."

"అరవకు."

"అరవట్లేదు. అరిచింది మా అక్క. పొద్దున ఎనిమిది నుంచి."

పెద్ద సిస్టర్ మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "పన్నెండు మంచాలు," అంది. "ఇద్దరం. ఒక్కోరోజు నేనొక్కదాన్నే. మూడోమనిషిని ఇమ్మని ఎన్ని ఉత్తరాలు రాశానో తెలుసా? నువ్వు చెప్పు. ఈ రెండు చేతులూ ఎవరి పొట్ట మీద పెట్టను?"

"అదే రాయండి సిస్టర్. చెయ్యి ఖాళీ లేదు, వినలేదు అని రాయండి. గడి ఖాళీగా వదలండి. అన్నీ నిండుగా ఉంటే మూడోమనిషిని ఎందుకిస్తారు? మీ కాగితం ప్రకారం ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు."

పెద్ద సిస్టర్ పెన్ను మూత పెట్టింది. తీసింది. పెట్టింది.

"రాస్తావా, రాయవా?"

"రాయను."

"అయితే పుస్తకం తీసుకుని వెళ్లు. పందొమ్మిదే నీకు. ఈ వార్డులో ఇంక అడుగు పెట్టకు."

ముక్కు అక్క కాగితం మడిచింది. రికార్డు పుస్తకం చంకలో పెట్టుకుంది. ఊగే రెక్కల్ని రెండు చేతులతో తోసుకుని బయటికి వచ్చింది. సిమెంటు బల్ల మీద బేకరీ అమ్మాయి అత్తగారు కూచుని ఉంది. "ఏమ్మా, లోపల అంతా బాగానే ఉందా?" అని అడిగింది. బాగుంది అని ముక్కు అనలేకపోయింది. "బిడ్డ బాగున్నాడు," అంది. "మీ కోడలు నొప్పి అంటే నొప్పే అని నమ్మండి."

ఇంట్లో అమ్మ సంగతి విని తల పట్టుకుంది. "ఒక్క సంతకం! ఒడ్డు దాకా వచ్చి పడవ తన్నేశావు కదే!" అక్క గుమ్మంలో కూచుని ఉంది. ఆమె సంతకం గురించి అడగలేదు.

"ఎంత కొట్టుకుంది?"

"ముందు తొంభై రెండు. తర్వాత ఎనభై ఎనిమిది."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

అక్క తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

పెద్దమ్మ కోపగించుకోలేదు, మెచ్చుకోనూ లేదు. ఇంకో ఊరి చిన్న ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. అక్కడ పందొమ్మిదీ చెల్లవన్నారు. మళ్లీ ఒకటి నుంచి. ఏడు నెలలు పట్టింది. సర్టిఫికెట్ వచ్చిన రోజు ముక్కు దాన్ని చూసి ఏడవలేదు, నవ్వలేదు. పెద్దాసుపత్రిలో మూడోమనిషిని వేశారా అని అడిగింది. లేదన్నారు.

ఇప్పుడు ఆమెకు ఒక వాడ ఉంది. నడిచి తిరుగుతుంది. ఏటా తనిఖీ అధికారి వచ్చి ఆమె చార్టులు తిరగేస్తాడు. ప్రతి ఏడూ అదే దగ్గర వేలు పెడతాడు.

"ఈ గడి ఖాళీగా ఉందేంటమ్మా?"

"వినలేదు కాబట్టి. అప్పుడు రెండో వీధిలో ఇంకో కాన్పులో ఉన్నాను. కిందే రాశాను, చదవండి. ఇంకో మనిషిని ఇవ్వమని కూడా రాశాను."

"ఏదో ఒకటి నింపెయ్యొచ్చు కదా. చూడటానికి బాగుంటుంది."

ఆమె ముక్కు ఎర్రబడుతుంది. పెన్ను తీసి అతని ముందు పెడుతుంది.

"మీరు నింపండి. ఎంత విన్నారో రాయండి."

అతను పెన్ను ముట్టుకోడు.