బస్తాకు పడ్డ చిల్లు

నా చిన్నప్పుడు మా వసారాలో ధాన్యం బస్తాలు ఉన్నన్నాళ్ళూ వాటికి కాపలా నేనే. మాది కంకిపాడు దగ్గర పల్లె. రెండో తరగతితో నా చదువు అయిపోయింది కాబట్టి పగలంతా ఇంట్లోనే ఉండేదాన్ని. కోళ్ళు వస్తే అదిలించాలి, రాలిన గింజ కనబడితే ఏరి చేటలో వెయ్యాలి. గింజ వృథా అయితే మా తాతయ్య ఊరుకునేవాడు కాదు. ఆ బుద్ధే నాకూ వచ్చింది. మా కోడలినడిగితే కథలు కథలుగా చెబుతుంది.

ఒకరోజు ధాన్యం కొనడానికి వ్యాపారి వచ్చాడు. చేతిలో మొనదేరిన బోలు ఇనప గొట్టం. వస్తూనే, లోపలి గింజ తీసి చూడటానికి దాన్ని ఒక బస్తా పొట్టలో కసుక్కున దింపాడు. ఆ చిల్లులోంచి ధాన్యమంతా కారిపోతుందని నేను గొల్లుమన్నాను.

"ఏవండోయ్, మీ మనవరాలు నన్ను దొంగని చేసేట్టుందే!" అని ఆయన నవ్వాడు. తాతయ్య నవ్వలేదు. గొట్టం తీశాక గోనె మీద గోరుతో అటూ ఇటూ గీరి, "ఏదే చిల్లు? చూపించు, బెల్లం ముక్క పెడతా" అన్నాడు. ఎంత వెతికినా కనబడలేదు. పక్కకు జరిగిన గోనె పోగులు మళ్ళీ దగ్గరికి చేరిపోయాయి. గింజా కారలేదు, బెల్లమూ దక్కలేదు.

తర్వాత మూలనున్న బస్తాలో దింపితే నల్లబడ్డ గింజలు వచ్చాయి, ముక్కిన వాసనతో. ఎప్పుడో కప్పు కారి తడిసినట్టుంది, పైకి ఏమీ తెలియలేదు. మా నాయనమ్మ ముఖం చిన్నబోయింది. "ఆ మూలకి పోనివ్వకుండా ఉండాల్సింది" అని గొణిగింది. తాతయ్య మాత్రం ఆ గింజల్ని అరచేతిలో పోయించుకుని తేరిపార చూశాడు. "ఇవాళ తెలియడం నయమే. ఇంకొన్నాళ్ళాగితే పక్కవాటికీ అంటుకునేది" అని, ఆ బస్తా విప్పి వాకిట్లో ఎండబోశాడు. మిగతావి మంచి ధరకే పోయాయి.

ఇన్నేళ్ళకి, ఈమధ్య నా రొమ్ములో గడ్డ కనబడింది. మా అమ్మాయి పటమటలో ఆసుపత్రికి తీసుకెళితే బయాప్సీ చెయ్యాలన్నారు, సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారట. గడ్డకి సూది తగిలితే క్యాన్సరు ఒళ్ళంతా పాకుతుందని మా వీధిలో అందరూ అనే మాటే. నేనూ అదే నమ్మి, ముట్టుకోనివ్వనని భీష్మించుకు కూర్చున్నాను. డాక్టరమ్మ చిన్నపిల్లే అయినా విసుక్కోలేదు. ఆ సూదిని తెచ్చి నా కళ్ళ ముందు పెట్టింది.

"పాకుతుందన్నది వట్టి భయమేనండీ మామ్మగారూ. లోపల ఏముందో తెలియకుండా మందెలా ఇమ్మంటారు?"

సూది బోలుగా ఉంది. చూడగానే మా తాతయ్య గుర్తొచ్చాడు. "కానివ్వమ్మా" అన్నాను.

మత్తు సూది చురుక్కుమంది. ఆ తర్వాత టక్కుమని శబ్దం, అంతే. నర్సమ్మ ఆ చోట కాసేపు అదిమిపట్టి చిన్న పట్టీ వేసింది. "నొప్పిగా ఉందా అండీ?" అంటే, "ఈ పట్టీకి విడిగా బిల్లా?" అని అడిగాను. మా అమ్మాయి తలకొట్టుకుంది.

రిపోర్టు ఇంకా రాలేదు. భయం లేదనను, ముద్ద సరిగా దిగడం లేదు. నిన్న నా కొడుకూ కూతురూ వంటింట్లో గుసగుసలాడుకుంటున్నారు. రిపోర్టు తామే తెచ్చుకుని, మంచిదైతేనే నాకు చెబుతారట. వెళ్ళి వాళ్ళ ఎదురుగా నిలబడ్డాను.

"ఒళ్ళు నాది. ఏం వచ్చినా డాక్టరమ్మని ముందు నాకే చెప్పమనండి. నేనూ వస్తున్నాను."

"నువ్వు తట్టుకోలేవమ్మా" అన్నాడు వాడు.

"తెలియకపోతేనేరా తట్టుకోలేనిది" అన్నాను.

నా నోట ఆ మాట వచ్చిందంటే అదంతా మా తాతయ్య చలవే.