సముద్రం కక్కిన పసరు

నాకు అక్షరాలు మా నాన్న వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. బడి గడప తొక్కి ఎరగను. దేవుడి దయవల్ల నా కూతురు తొక్కింది. అది రెండో తరగతిలో ఉండగా, శివరాత్రి వెళ్ళిన వారానికి, బడి నుంచి ఇంటికి పంపేశారు. వేళ్ళ సందుల్లో గజ్జి. మిగతా పిల్లలకి అంటుకుంటుంది, తగ్గాకే పంపండి అన్నారు పంతులమ్మ. పరీక్షలకి నెలే ఉంది.

గజ్జికి సముద్రస్నానం మంచిదని మా అత్తగారు పట్టుబట్టారు. తగరపువలస పక్క పల్లెలో రైతు ఇంట పుట్టిన మనిషి. ఏదో ఒక ఆకు నూరి పసరు పూస్తే తప్ప ఏ రోగమూ పోదని ఆవిడ నమ్మకం. మా ఆయన పోర్టులో పనిచేసేవారు, రేవుకి దగ్గరలోనే అద్దెకుండేవాళ్ళం. ఇవతలి ఒడ్డున జనం ఎక్కువని, పడవెక్కి అవతల కొండ పక్కకి బయలుదేరాం.

కొంత దూరం పోయేసరికి నీటి రంగు మారింది. గోరింటాకు నూరిన నీళ్ళకి మూతపెట్టి వారం రోజులు మరిచిపోతే ఎలా ఉంటుందో, అలా. తెడ్డు పైకి లేచినప్పుడల్లా దాని అంచున చీమిడిలా తీగలు సాగేవి. చచ్చిన చిన్న చేపలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. గంగమ్మ ముందు ముక్కు మూసుకోవడం పాపమని తెలిసీ కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఎండలు మొదలైతే ఏటా ఇంతేనమ్మా," అన్నాడు పడవవాడు. "పాసి కట్టేత్తాది. గాలి తిరిగితే గానీ పోదు."

అత్తగారి మొహం వెలిగిపోయింది. "పాసేటి నీ మొకం! సూసావేటే కోడలా, గంగమ్మ తల్లి పసరు కక్కింది. మన గుంట సేతుల కోసవే!"

"కంపొత్తంది కదత్తా."

"మందన్నాక కంపు కొట్టదా? మల్లిపూల వోసనొత్తాదేటి?"

ఎదురుగా ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చేపలావిడ పకపకా నవ్వింది. "ఓలప్పా, అదే మందయితే మా పేటలో ఒక్కరికీ గజ్జుండకూడదు. ఆ నీట్లో వలేసి కడుక్కోనేక సస్తన్నాం. పిల్లకి ముట్టించకు."

"సేపలమ్ముకునేదానివి, మందుల సంగతి నీకేటి తెల్సు?"

ఆవిడ గంప తిరగేసి అడుగు దులుపుకోసాగింది.

ఒడ్డు దిగాక అత్తగారు కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని మోకాలి లోతుకి దిగి, ఆ పచ్చటి జిగురుని దోసిట్లోకి తీశారు. పిల్ల వెనక్కి వెనక్కి పోయింది. "ఒద్దు మామ్మా, సీమిడి!"

"సీమిడి కాదే నా తల్లి. నానూ రాసుకుంటన్నాను, సూడు." తన కుడిచేతికి మోచేతి దాకా పట్టించుకున్నారు. తర్వాత పిల్లకి. కదలకుండా దాని చేతులు పట్టుకున్నది నేనే. అత్తగారి మాట కాదనలేక అని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి ఆశపడ్డాను. పరీక్షల లోపల తగ్గిపోతుందేమోనని. నా వేళ్ళ మధ్య ఆ జిగురు వెచ్చగా జారింది. పక్కకి తిరిగి ఇసుకలో కక్కుకున్నాను.

పావుగంటలో పిల్ల చేతులు కందిపోయాయి. దద్దుర్లు లేచి గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు విని చేపలావిడ ఒడ్డు మీదున్న తన పాకలోంచి బిందెతో పరుగెత్తుకొచ్చింది. పొద్దున్నే ఎక్కడో కుళాయి దగ్గర వరసలో నిలబడి మోసుకొచ్చుకున్న తాగే నీళ్ళవి. పిల్ల చేతుల మీద ధారగా పోసింది.

"రుద్దకమ్మా, రుద్దకు. నీల్లే పారనీ."

"తాగే నీల్లు కదప్పా..." అన్నాను.

"నీల్లు మల్లీ తెచ్చుకుంతాం. పిల్ల సేతులు తెచ్చుకుంతావేటి?" అని, అడుగున మిగిలిన చెంబెడూ పట్టుకుని అత్తగారి వైపు తిరిగింది. "డాట్రమ్మా, నీ సెయ్యి కూడా ఇలా పట్టు. సిగ్గుపడకు."

ఎర్రగా వాచిన చెయ్యి అత్తగారు చాపారు.

మర్నాడు ఆసుపత్రిలో గంధకం వాసన కొట్టే మందు ఇచ్చారు. మామ్మా మనవరాలూ అరుగు మీద పక్కపక్కన కూర్చుని గోక్కునేవారు. ఆ బిందెడు నీళ్ళు పంపిన గంగమ్మ తల్లికి రోజూ దీపం దగ్గర దండం పెట్టుకునేదాన్ని. చేపలావిడ పేరైనా అడగని నా బుద్ధికి ఇప్పటికీ సిగ్గుపడతాను. సముద్రంలోని ఆ పచ్చ నీటిని తలుచుకుంటే మాత్రం భక్తి రాదు, డోకు వస్తుంది. అది దేవుడు క్షమించాలి.

పదిహేను రోజులకి పిల్లని బడికి తీసుకెళ్ళాం. పంతులమ్మ దాని చేతులు అటూ ఇటూ తిప్పి, వేళ్ళు విడదీసి చూశారు. ఆవిడ చూపు అత్తగారి మోచేతి మీద పడింది.

"మామ్మగారూ, ఆ పొక్కులేమిటండీ?"

అత్తగారు కొంగు కిందకి లాక్కున్నారు. "నూనె సిందిందమ్మా. వంటింట్లో."

నేను పుస్తకాల సంచి పిల్ల భుజానికి తగిలించాను. పంతులమ్మ పిల్ల వీపు తట్టి, లోపలికి పొమ్మన్నారు.