పక్కకి జరిగిన గీత

ఏళ్ళ తరబడి మోస్తున్న బరువు ఒకటుంది. చూడ్డానికి కంప్యూటర్ మీద ఒక గీత, అంతే. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ట్రాన్స్‌ఫార్మర్లు పరీక్షించే ఇంజనీరుని. లోపలి చుట్టల్ని ఊరికే విప్పి చూడలేం. బయటి నుంచి చిన్న సిగ్నల్ పంపి, ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోయి, ఎక్కడెక్కడ చుట్టలు దానికి స్పందించి రెజొనెన్స్ వస్తుందో గీత తీస్తాం. పాత గీత మీద కొత్తది సరిగ్గా కూర్చుంటే చుట్టలు కదల్లేదని అర్థం.

తుఫాను తర్వాత పలాస దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో ఆ పరీక్ష చేశాను. మూడు ఫేజుల్లో ఒకదాని గీత పక్కకి జరిగింది. అంటే చుట్ట కదిలింది. విప్పి బాగు చెయ్యాలంటే వారాలు. ఉద్దానమంతా కరెంటు లేదు. కవిటిలో మంచినీళ్ళ మోటార్లు ఆగిపోయాయి, డయాలసిస్ జనరేటర్ మీద నడుస్తోంది. పైనుంచి ఫోను మీద ఫోను.

నేనేం చేశాను? కంప్యూటర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ తెరిచి, జరిగిన గీతకి సరిపోయేదాకా విలువలు మార్చాను. పోయినసారి వోల్టేజి మార్చే టాప్ వేరే స్థానంలో పెట్టి కొలిచారు, తేడా అందుకే, ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉందని రాశాను. టాప్ వల్లయితే మూడు ఫేజులూ జరగాలి. జరిగింది ఒక్కటే. అది నాకు తెలుసు, అడిగేవాళ్ళు లేరు. రోగుల మీద జాలితో చేశానా? అలా అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కాదు, ఫోనుకి భయపడి చేశాను.

కొన్ని నెలలకి ఆ సబ్‌స్టేషన్ నుంచి వెళ్ళే భావనపాడు లైను మీద ఫాల్టొచ్చి ట్రిప్పయింది. డ్యూటీలో ఉన్న ఆపరేటర్ పద్ధతి ప్రకారమే మళ్ళీ కరెంటిచ్చి ఛార్జి చేశాడు. మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకునే దెబ్బే. ఇది పేలింది. విచారణలో తప్పంతా ఆయన నిర్లక్ష్యానిదే అన్నారు. కాంట్రాక్టు మనిషి, ఒక్క మాటతో తీసేశారు. అక్కడే కూర్చున్న నేను నోరు మెదపలేదు.

బయట వరండాలో ఆయనే నా దగ్గరికొచ్చాడు. నాకంటే పెద్దవాడు.

"మీరు సూసి బాగుందన్నారు గదా బాబూ. మరైతే నానే ఏదో తప్పు సేసుంటాను. ఏటి సేసినానో గుర్తు రానేదు."

"పోనీలే మావా," అన్నాను. మావా అని కూడా అన్నాను.

ఇప్పుడు పలాసలోనే జీడిపప్పు ఫ్యాక్టరీలో కాపలా ఉంటున్నాడట. ఎవరైనా అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ తన చేతుల్లోనే పోయిందని చెబుతాడట. నేనుండే టెక్కలి నుంచి ఎంత దూరమని? బయల్దేరి, వెనక్కొచ్చేస్తుంటాను. రేపైనా వెళతానని మీకు మాటివ్వలేను.

ఎంత ఆలోచించినా ఆయనకి ఆ తప్పు గుర్తు రాదు. ఆయన చెయ్యలేదు కాబట్టి. చేసింది నేను. ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది.