అల్లుళ్ళ తుపాకి

మా నాయనకు తుపాకి కొనడం తెలియదు, కాల్చడం అంతకన్నా తెలియదు. దాని గురించి మాట్లాడటంలో మాత్రం గుడియాత్తం తాలూకాలో ఆయన తర్వాతే ఎవరైనా. తెల్లవాళ్ళు మూటాముల్లె సర్దుకుంటున్న రోజుల్లో వేలూరులో ఒక దొర ఇంటి సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి, టేకు మంచం ఒకటి చూసి రమ్మని మా అమ్మ పంపింది. ఆయన జంట గొట్టాల తుపాకి భుజాన వేసుకుని బస్సు దిగాడు. లైసెన్సు అంతకుముందే తెచ్చుకుని పెట్టెలో దాచుకున్నాడట, మాకెవరికీ తెలియదు. మంచం ఏమైందని అమ్మ అడగలేదు. అడిగి లాభం లేదని ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది.

ఆ దొర ఆరడుగుల మనిషి. తుపాకి కట్టె తన చేతి పొడవుకు తగ్గట్టు చేయించుకున్నాడు. మా నాయన నాకన్నా రెండు వేళ్ళు పొట్టి. చొక్కా కుట్టించుకునేటప్పుడు దర్జీ చేత రెండుసార్లు భుజాలు కొలిపించుకునే మనిషి, తుపాకి దగ్గర ఆ కొలతే మరిచిపోయాడు. మోచెయ్యి మడిచి, తుపాకి మడమను, అంటే కట్టె వెనక కొనను, ఆ మడతలో ఆనించి పట్టుకుంటే వేలు మీట మీదికి సులువుగా రావాలి. చూసుకోవడానికి అర నిమిషం చాలు. నాయన ఎంత చాచినా వేలి కొన మీటకు తగిలీ తగలనట్టు ఉండేది.

“తేలిగ్గా ఉండాది. కొండెక్కేటప్పుడు బరువుండదు” అని దాన్నే ఏరుకున్నాడు. తేలిక తుపాకి ఎక్కువ తన్నుతుంది. బరువైనది ఆ తన్నులో కొంత తనలోనే ఆపుకుంటుంది. ఈ సంగతి మొదటి తూటాకే ఆయన భుజానికి తెలిసింది గానీ ఆయనకు తెలియలేదు. కట్టె పొడవు కావడంతో మడమ భుజం గుంటలో కుదురుకోక చేతి కండ మీదికి జారేది. కాల్చిన ప్రతిసారీ అక్కడ అరచేయంత నల్లగా కమిలిపోయేది. దానికి మందు రాయించుకునేవాడా అంటే అదీ లేదు. వచ్చినవాళ్ళందరికీ చొక్కా తీసి చూపించేవాడు.

“దొర తుపాకప్పా. తన్నితే ఇట్లుంటాది.”

ఎంత గట్టిగా తన్నితే అంత గట్టి తుపాకి అని ఆయన నమ్మకం. అందుకే అడవి పందులకు వాడే పెద్ద తూటాలు తెచ్చి కౌజు పిట్టల మీద కాల్చేవాడు. కాల్చేముందు కళ్ళు మూసుకునేవాడు. చెంప కట్టెకు ఆనించకుండా తల పైకెత్తేవాడు. కౌజులు మా వేరుశనగ చేలోకే వచ్చి తీరిగ్గా గింజలు ఏరుకునేవి. మోర్ధానా కొండల కింద వాటికి అంత భద్రమైన చోటు ఇంకొకటి లేదు.

“కట్టె ఒక అంగుళం కోయిద్దాం నాయనా” అన్నాను ఒకసారి.

“దొర చేయించింది కోసేదానికి మనమెవురే?” అన్నాడు.

అదే ఏడు మా వీధిలో జెండా ఎగరేసి, మనల్ని మనమే ఏలుకోవాలని అరగంట ఉపన్యాసం ఇచ్చింది కూడా ఈయనే. పేర్ణాంబట్టు నుంచి మెత్తటి తోలు ముక్క తెప్పించి, లోపల దూది పెట్టి, చొక్కా కింద భుజానికి కట్టుకునేలా చిన్న మెత్త కుట్టి ఇచ్చాను. ఆడవాళ్ళ దిండు నాకెందుకని పెరట్లో పారేశాడు. అమ్మ దాన్ని తెచ్చి వేడి గిన్నెలు దించడానికి వాడుకుంది. కనీసం ఆమెకు ఉపయోగపడింది.

తుపాకి తుడిచే పని నా మీద పడింది. ఇంట్లో ఎవరు తిన్న గిన్నె అయినా తోమేది నేనే కాబట్టి, ఎవరు కాల్చిన తుపాకి అయినా తుడిచేదీ నేనే అని నాయన లెక్క. గొట్టాలు విడదీసి, కడ్డీకి గుడ్డ చుట్టి లోపలంతా తోసి, ఎత్తి వెలుతురులోకి చూసేదాన్ని. శుభ్రంగా ఉంటే లోపల గుండ్రంగా మెరుస్తుంది. పలచటి నూనె రెండు బొట్లు పూసి, నూనె కట్టెలోకి దిగకుండా మూతి కిందికి వచ్చేలా తగిలించేదాన్ని. నాయన వేలూరు పోయిన రోజుల్లో పందుల్ని బెదరగొట్టడానికి చేలో నేనే కాల్చేదాన్ని కూడా. మడమను భుజం గుంటలోకి గట్టిగా లాక్కుని, చెంప కట్టెకు ఆనించి, ఎడమ కాలు ముందు పెట్టి, ఒంటి బరువు ముందుకు వేసి నిలబడితే అది నన్నేమీ చేయలేదు. వదులుగా పట్టుకున్నవాడినే తుపాకి తన్నుతుంది. ఇది నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నాయన కాల్చేది చూసి, ఆయన చేసిన ప్రతిదానికీ ఎదురు చేశాను, అంతే.

స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకు నా పెళ్ళి మాటలు మొదలయ్యాయి. ఆంబూరు వైపు నుంచి పెళ్ళికొడుకు వచ్చిన రోజు నాయన తుపాకి తెచ్చి ముందు పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“మా ఇంటికి అల్లుడయ్యేవోడు దీన్ని కాల్చి, తన్ను తిని నిలబడాల. ఇది మా తాతల కాలం పళక్కం.”

తాతల కాలం ఆచారమట, తుపాకి ఇంటికొచ్చే అప్పటికి రెండేళ్ళు. అమ్మ ముక్కుతో ఒక శబ్దం చేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెళ్ళికొడుకు ముఖం పాలిపోయింది. అతను తుపాకిని ముట్టిన మనిషి కాదని చేతులు చూస్తేనే తెలుస్తోంది. చెయ్యి కడుక్కోవడానికని పెరట్లో నీళ్ళ అండా దగ్గరికి వస్తే, చెంబుతో నీళ్ళు పోస్తూ మెల్లగా చెప్పాను. గుంటలోకి లాక్కోండి, చెంప ఆనించండి, ఎడమ కాలు ముందుకు, రెండు మీటలూ ఒకేసారి నొక్కవద్దు, ఒక్కటే. అతను తల ఊపాడు. బుద్ధిమంతుడనుకున్నాను.

కళ్లంలో నిలబడి కాల్చాడు. కదల్లేదు. నాయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఎవరు నేర్పించినారప్పా అని అడిగాడు.

“నేర్పేదేముండాది మామా? అది రక్తంలో ఉండాల” అన్నాడు కాబోయే నా మొగుడు.

నేను తలుపు చాటునే ఉన్నాను. కొత్త మనిషి, నలుగురిలో ఆడపిల్ల పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాడులే అనుకుని నవ్వుకున్నాను. ఆ సిగ్గు ఆయనకు ఈనాటి వరకూ తీరలేదు.

మగపిల్లలు లేని ఇల్లు కాబట్టి ఆయన ఇల్లరికం వచ్చాడు. తుపాకి ఆయన పరమైంది. మొదటి వారమే నా చేతిలోంచి కడ్డీ లాక్కుని, మగవాడు ఉండగా నీకెందుకన్నాడు. ఆ తర్వాత ఆయన దాన్ని ఎలా చూసుకున్నాడో చెప్పాలంటే ఆయుధపూజ ఒక్కటి చెబితే చాలు. ఆ రోజు తుపాకికి గంధం, కుంకుమ, చామంతి దండ. పైన మెరవాలని చారెడు నువ్వుల నూనె. నువ్వుల నూనె నాలుగు రోజులకు జిగురై దుమ్మంతా పట్టుకుంటుంది. దండ బాగా కనపడాలని మూతి పైకి పెట్టి గోడకు తగిలించేవాడు. గొట్టం లోపలికి మాత్రం ఏడాది పొడుగునా చూసిన పాపాన పోలేదు. దేవుడి పటాన్ని కూడా వెనక్కి తిప్పి దుమ్ము దులుపుతాం. ఆయన తుపాకికి ఆ మాత్రం కూడా లేదు.

కాల్చడం కూడా మానేశాడు. రాష్ట్రాలు విడదీసే గొడవలు వచ్చాయి కదా, మగవాళ్ళకు ఇంటి ముందు తిన్నె మీద చేతినిండా పని దొరికింది. నాయనా, మా ఆయనా తుపాకిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, గుడియాత్తం మాది, వేలూరు మాది, ఎవడొస్తాడో రానీ అని కోతలు కోసేవాళ్ళు. ఎవడూ రాలేదు. ఒక పొద్దున పేపర్లో గీత గీసేశారు, మేము ఇవతల అరవ దేశంలోనే ఉండిపోయాం. ఇద్దరూ లేచి లోపలికి వచ్చి, కూరలో ఉప్పు తక్కువైందన్నారు.

అప్పుడే మా చెల్లెలి పెళ్ళి మాట వచ్చింది. అబ్బాయి మాకు దూరపు చుట్టం, చిత్తూరు వైపు వాళ్ళు. వేలూరులో ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. చెల్లెలు చదువుకు వేలూరులో పిన్నమ్మ ఇంట్లో ఉన్నప్పుడు అతన్ని చూసింది.

“ఆయన కాకపోతే ఇంకెవురూ వద్దక్కా” అంది నాతో. అది అబద్ధం చెప్పే పిల్ల కాదు.

నాయనకు అతను నచ్చలేదు. ఆంధ్రా వాడు అట. ఏడాది పాటు చిత్తూరూ మనమూ ఒకటేనని అరిచిన నోటితోనే అన్నాడు. ఆయన మనసులో ఆలంగాయంలో ఉండే మేనల్లుడు ఉన్నాడు, జవ్వాదు కొండల్లో వేటాడానని కథలు చెప్పే ఇంకొక మీసం. చివరికి అమ్మ పోరు పడలేక, కాంపౌండరు వచ్చి తుపాకి కాల్చి నిలబడితే సరే, లేకుంటే మేనల్లుడే అన్నాడు. చెల్లెలి బతుకు ఆ దొర తుపాకి మీద పెట్టారు.

“అది కాల్చి మూడేళ్ళవుతాది. గొట్టం ఒకసారి చూడండి” అన్నాను మా ఆయనతో. అది తగిలించిన గోడ పక్క కిటికీ దగ్గర మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు తిరగడం చూసే చెప్పాను.

“పూజ చేసినాను గదా, ఇంకేం జేయాల?” అన్నాడు.

నన్ను ముట్టనివ్వలేదు. పెళ్ళిచూపుల రోజు దాకా దాని మీద చామంతి దండ ఎండిపోయి వేలాడుతూనే ఉంది.

అబ్బాయి వాళ్ళమ్మతో మధ్యాహ్నానికి వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. అదే నీళ్ళ అండా దగ్గర, అదే చెంబుతో చేతుల మీద నీళ్ళు పోశాను. ఎలా నిలబడాలో చెప్పాను. ఆ తర్వాత, “కాల్చేముందు తుపాకి విప్పి గొట్టాల్లో వెలుతురు చూడు నాయనా. ఎవురేమన్నా సరే, చూడకుండా కాల్చొద్దు” అన్నాను. తల ఊపాడు. ఈసారి నాకేమీ నమ్మకం కలగలేదు. ఒకసారి తల ఊపినవాణ్ణి చూశాను కదా.

కళ్లంలో కుండ ఒకటి నిలబెట్టారు. నాయన తానే రెండు తూటాలు పెట్టి, మూసి, అబ్బాయి చేతికిచ్చాడు. మా ఆయన పక్కన నిలబడి మీసం సరిచేసుకుంటున్నాడు. చెల్లెలు వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. దాని వేళ్ళు తెల్లబడ్డాయి.

అబ్బాయి తుపాకి విప్పాడు. తూటాలు బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. ఆకాశం వైపు ఎత్తి చూశాడు. మళ్ళీ చూశాడు.

“అందులో ఏం చూస్తావబ్బా? బయస్కోపా?” అని నవ్వాడు మా ఆయన.

“ఒక గొట్టంలో వెలుతురుండాది. ఇంకోదాంట్లో లేదన్నా.”

“భయపడినాడు” అన్నాడు నాయన, ఎవరితోనో అన్నట్టు. ఆలంగాయం మీసం ఆయన కళ్ళలో కనపడుతూనే ఉంది.

“కాలిస్తే ఆ వెలుతురు అదే వస్తాది” అన్నాడు మా ఆయన.

అబ్బాయి జేబులోంచి తూటాలు తీసి, తుపాకితో పాటు ఆయన ముందుకు చాచాడు. “అట్లయితే ఒకతూరి మీరు కాల్చి చూపించండన్నా. వెనకనే నేనూ కాలుస్తా.”

మా ఆయన చేతులు పంచె మడతల్లోనే ఉన్నాయి. బయటికి రాలేదు. నాయన ఆయన్ని చూశాడు, తుపాకిని చూశాడు, చివరికి తానే తీసుకుని ఆకాశంలోకి ఎత్తాడు. ఎత్తినవాడు చాలాసేపు దించలేదు.

నేను లోపలికి వెళ్ళి కడ్డీ తెచ్చాను. నన్నెవరూ ఆపలేదు. గట్టిగా పోటు పొడిస్తే ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. మట్టితో పాటు, పిల్లలకు మేతగా దాచిన చచ్చిన సాలీళ్ళు, తెల్లటి పురుగులు. కందిరీగ ఆ గొట్టంలో హాయిగా సంసారం పెట్టుకుంది. ఆ అబ్బాయి కాల్చి ఉంటే గొట్టం సరిగ్గా అతని ఎడమ చెయ్యి పట్టుకున్న చోట పగిలి ఉండేది. 

“చూడమని ఎవురు జెప్పినారప్పా నీకు?” అని అడిగాడు నాయన.

“వదిన చెప్పినారు. నీళ్ళు పోసేటప్పుడు.”

అంత తేలికగా అన్నాడు. ఆ మాట వినడానికి నాకు ఎన్నో ఏళ్ళు పట్టింది, చెప్పడానికి అతనికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఏడుపొచ్చింది. కడ్డీ తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను.

నాయన భోజనాలకు లేవండని అన్నాడు. సాయంత్రానికల్లా తిన్నె మీద చెబుతున్నాడు, కాల్చేది ఎవడైనా కాలుస్తాడు, మా ఇంట్లో అల్లుడు తుపాకి విప్పి చూడటమే తాతల కాలం పళక్కమని. పెళ్ళి కుదిరింది. మేనల్లుడి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

పెళ్ళయ్యాక కొత్త దంపతులు మొదటి విందుకు వచ్చారు. నలుగురు చుట్టాలు ఉన్నారు. తుపాకి సంగతి ఎవరో కదిపారు. మా ఆయన అన్నం కలుపుతూ, తొణక్కుండా అన్నాడు.

“ఆ గూడు నాకు ముందే తెలుసప్పా. పిల్లోడికి బుద్ధుండాదా లేదా చూద్దామని నేనే అట్ల పెట్టినా.”

తుపాకి తుడవడం చేతకాలేదని ఒప్పుకోవడం కన్నా, ఒక పిల్లవాడి చెయ్యి పోతుందని తెలిసీ ఊరుకున్నానని చెప్పుకోవడం ఆయనకు గౌరవంగా తోచింది. ఆ అబ్బాయి తింటూనే ఉన్నాడు. చెల్లెలు వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి, వచ్చి మొగుడి పక్కన నేల మీద కూర్చుంది. మోకాలి మీదున్న అతని ఎడమ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, మా ఆయన్ని చూస్తూ, అతను అన్నం తినడం అయ్యేదాకా వదల్లేదు. పెద్దవాళ్ళ ముందు మా ఇంట్లో ఎవరూ అలా కూర్చోరు. ఆ రోజు ఎవరూ దాన్ని లేవమనలేదు.