అన్న కాదని రాసిన కాగితం

మొదటిసారి నా స్టడీ పర్మిట్ తిరస్కరించినప్పుడు ఆ మెయిల్‌ను పదిసార్లు చదివాను. కుటుంబ వివరాలు పొంతన కుదరలేదట. ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో ఎవరెవరున్నారో నాకు తెలియదా, ఎక్కడో కెనడాలో కూర్చున్న ఆఫీసరుకు తెలుసా!

తప్పు నాదేనని దరఖాస్తు పెట్టించిన వీసా కన్సల్టెన్సీ ఆవిడ తేల్చేసింది. తోబుట్టువుల గడిలో నేను అన్న పేరు రాశాను. అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. బాపు ఇచ్చిన కుటుంబ వివరాల పత్రంలో మాత్రం నేనొక్కదాన్నే సంతానం. "సొంత అన్న కానప్పుడు ఎందుకు రాశావ్?" అని హిందీలో కసిరింది. ఏం చెప్పను? మావాళ్లలో అన్న అంటే అన్నే. రాఖీ కట్టేటప్పుడు ఏ తల్లి కడుపున పుట్టావని అడుగుతామా?

మళ్లీ దరఖాస్తు చేయాలంటే తప్పు ఒప్పుకుంటూ నా లేఖ ఒకటి, దానికి తోడు అన్న సంతకంతో అఫిడవిట్ పెట్టమంది. నేను తన చెల్లెల్ని కానని అన్నే రాసివ్వాలి.

బతుకుదెరువుకు తెలంగాణ నుంచి వచ్చిన మాది సూరత్‌లో, వడోద్ అనే పేటలో ఒక్క గది ఇల్లు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. బాపు రోజుకు పన్నెండు గంటలు మరమగ్గాల కార్ఖానాలో సాంచెల దగ్గరే ఉండేవాడు. అప్పుడు మాతోనే ఉంటున్న అన్నే నాకు వంకరటింకరగా జడలు వేశాడు, సైకిలు మీద బడికి దింపాడు, జ్వరమొస్తే ఆసుపత్రి లైన్లో నిలబడ్డాడు. పెళ్లయ్యాక సూరత్ పక్కనే ఉన్న కడోదరాకు మారిపోయాడు. ఫోన్ చేస్తే మాత్రం చివర్లో "ఉంట మరి చెల్లె" అననిదే పెట్టడు. అన్న వెళ్లాక ఇంట్లో మాటలే కరువయ్యాయి. బాపు వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. కొన్ని రోజులు నా గొంతు నాకే వినబడదు. ఎక్కడికైనా పోవాలని నాకంత మొండిపట్టు అందుకే పట్టుకుంది.

అన్న ఒక పూట పని మానుకుని నోటరీ దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నాకిష్టమైన గుజరాతీ చిరుతిండి, ఖమన్ పొట్లం కూడా తెచ్చాడు. కాగితం ఇంగ్లిషులో ఉంది.

"ఏంది చెల్లె, ఏం రాసిన్రు ఇండ్ల?"

"ఏం లేదన్నా, ఊకెనే. ఫారం సంగతి" అన్నాను.

నోటరీ ఊరుకుంటాడా? సంతకానికి ముందు చెప్పడం ఆయన డ్యూటీ. నలుగురూ వినేలా హిందీలో అడిగేశాడు: "ఈ అమ్మాయి నీ చెల్లెలు కాదని రాసిస్తున్నావ్, సరేనా?"

అన్న నావైపు తిరిగాడు.

"గిట్ల రాస్తెనే పోనిస్తరా నిన్ను?"

"అవునన్నా."

"గీ ముచ్చట ముందుగాల చెప్తె ఏమైతుండె? నేను వద్దంటనా?"

సంతకం పెట్టాడు. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఎక్కడ రానంటాడోనని భయపడ్డాను, అదీ నిజం. ఖమన్ పొట్లం నా చేతిలో పెట్టి, ఆలస్యమైతే ఆటోలు దొరకవంటూ వెళ్లిపోయాడు.

మొన్న పర్మిట్ వచ్చింది. మధ్యాహ్నం వేళ, బాపు పనిలో ఉన్నాడు. గదిలో ఒక్కదాన్నే గంతులేశాను. కాసేపటికి అలా గంతులేయడం నాకే పిచ్చిగా అనిపించి ఆగిపోయాను. అన్నకు ఫోన్ చేశాను. వెనక సాంచెల మోత.

"వచ్చిందన్నా!" అని అరిచాను.

"మంచిగాయె. ఆడ సలి మస్తుంటదట. మంచి స్వెటర్ కొనుక్కో. బాపుకు చెప్పినవా?"

"లేదు, ముందు నీకే."

సాంచెల మోతే వినిపించింది.

"సరే, ఉంట మరి" అన్నాడు.

ఆ చివరి మాట కోసం నేను ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను. అన్న పెట్టేశాడు.