అబిగెయిల్ పీకెయ్యని పేజీ

పౌలురాజు గారమ్మాయి అబిగెయిల్ అలిగి, చర్చి సంఘం వాళ్ల రక్తదాతల పేజీ పీకి పారేసిందట. ఫరీదాబాద్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లన్నిటా ఇదే మాట. పీకలేదు. ఏం జరిగిందో తెలియకుండా నోరు పారేసుకున్నవాళ్లంతా ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ పిల్ల ఒక చిన్న ఆఫీసులో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. గోదావరి వైపు నుంచి ఆపరేషన్లకని ఢిల్లీ వచ్చేవాళ్లను, ముందు రక్తం ఇచ్చే మనిషిని తెచ్చుకోండి అంటారు ఆసుపత్రివాళ్లు. భాష రాని ఊళ్లో ఎవర్ని తెస్తారు? అందుకని మన సంఘంలో ఎవరిది ఏ గ్రూపో, ఏ ఫోనులో దొరుకుతారో చూపిస్తూ ఇంటర్నెట్లో ఒక పేజీ పెట్టింది. నర్సులు వార్డులోంచే చూసి ఫోను చేసేవారు. ఆ పేజీని నడిపే ప్రోగ్రాము ఎక్కడో దూరాన అద్దె కంప్యూటర్లో ఉండేది. చర్చి ఆఫీసు కంప్యూటర్లో ఒక నల్ల విండో తెరిచి, అందులోంచి దాన్ని మొదలుపెట్టేది అబిగెయిల్. ఆ విండో తెరిచి ఉన్నంతసేపే అక్కడ పని నడిచేది.

మన సెక్రటరీ నథానియేలు గారి సంగతి తెలిసిందే. ఆరాధన చివరి ఆశీర్వాదం అయీ అవగానే ఫ్యాన్లు, ట్యూబులైట్లు, మైకు వరసగా కట్టేసుకుంటూ వస్తారు. ఆ వరసలో కంప్యూటరూ కట్టేసేవారు. పేజీ చచ్చేది. పిల్ల బతిమాలింది. కట్టెయ్యొద్దని కాగితం అంటించింది. ఆయన కాగితం ఊడదీసి, జిగురు కూడా శుభ్రంగా తుడిచి, మళ్లీ కట్టేశారు. దేవుని మందిరంలో కరెంటు దుబారా ఏమిటమ్మా అన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, పాలకొల్లు నుంచి వచ్చిన ధర్మయ్య భార్యకు రక్తం కావాల్సివచ్చింది. మన సంఘంలోదే, అక్కడ నర్సుగా ఉన్న వసంతకుమారి పేజీ తెరిస్తే ఏమీ రాలేదు. ఆపరేషను వాయిదా పడింది. ధర్మయ్య వార్డు బయట నేల మీద కూలబడ్డాడని విని అబిగెయిల్‌కు ఒళ్లు మండిపోయింది. నథానియేలు గారి మీద సగం, తన మీద సగం. మర్నాడు ఆఫీసులో సీనియర్ సాయిప్రకాష్‌ను అడిగితే నవ్వాడు.

"అరే, ఇన్నాళ్లూ విండోలోనే నడుపుతున్నావా? ఆ అద్దె కంప్యూటర్లోనే బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టెయ్. విండో మూసినా దాని పని అది చేసుకుపోతుంది."

ఇంత చిన్న సంగతి ముందే ఎవర్నీ అడగనందుకు పళ్లు కొరుక్కుంటూ ఆ సాయంత్రమే మార్చేసింది. ఇక చర్చి కంప్యూటర్ని కట్టేసినా, పగలగొట్టినా పేజీ నడుస్తుంది.

తర్వాతి ఆదివారం నథానియేలు గారు చూస్తే కంప్యూటరు మీద నల్ల విండో లేదు. ఆయన లెక్కలో విండో లేకపోతే పేజీ లేనట్టే. ప్రకటనల వేళ మైకు పట్టుకుని, ఒక సహోదరి తన కోపం దేవుని పని మీద చూపించి పేజీ ఆపేసిందని, ఆఫీసు గది తాళం వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు. అంతమందిలో ఒక్కరూ పేజీ తెరిచి చూడలేదు. పాటల బృందంలో పక్కన నిలబడే ఫెయిత్ అడుగు దూరం జరిగింది. అబిగెయిల్ చేతిలో పాటల పుస్తకం నలిగింది. పౌలురాజు గారు ఇంటికొచ్చి అన్నం ముందు నుంచి లేచిపోయారు.

ఆ వారంలోనే ధర్మయ్య భార్యకు మళ్లీ తేదీ ఇచ్చారు. వసంతకుమారి ఏ ఆశా లేకుండానే పేజీ తెరిచింది. ఉంది. ఫోను చేస్తే మనిషి వచ్చాడు, రక్తం ఇచ్చాడు, ఆపరేషను అయింది. ఆమె డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా నేరుగా పౌలురాజు గారింటికి వెళ్లి, మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్న పిల్ల జబ్బ పట్టుకుంది.

"నడుస్తూనే ఉంది కదే. మరి అంతమందిలో దొంగలా ఎందుకు నిలబడ్డావు? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

అబిగెయిల్ చేతిలో బట్టలు బకెట్లోకి విసిరికొట్టింది.

"ఛోడియే ఆంటీ, వదిలెయ్యండి. చెప్తే, అదెక్కడుందో వెతుక్కుంటూ పోయి మళ్లీ కట్టేస్తారు. నన్నేమన్నా అంటే నేను ఎప్పుడైనా పోయి పోట్లాడుకోగలను. ఆపరేషను బల్ల మీద పడుకున్నామె లేచి ఎవరితో పోట్లాడుతుంది?"