సర్వర్‌కి పెట్టిన ముహూర్తం

2023, ఎండలు ముదురుతున్న రోజులు. తెనాలిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్ కొత్త భవనంలోకి మారింది. బాపట్లలో, రేపల్లెలో దానికి కలెక్షన్ సెంటర్లు ఉండేవి. అక్కడ రక్తం తీసి తెనాలి పంపితే, ఇక్కడ పరీక్ష చేసి రిపోర్టు వెబ్‌సైటులో పెట్టేవారు. డాక్టర్లు ఫోనులోనే చూసుకునేవారు. ఆ వెబ్‌సైటును నడిపించే కంప్యూటరే సర్వర్. అలాంటివాటిని చూసుకోవడం నా వృత్తి. ఉండేది బాపట్లలో. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను వెళ్తే, నా వెనక మగ ఇంజనీరు ఎవరైనా వస్తున్నాడేమోనని తొంగి చూసేవాళ్ళున్నారు. "ఎవరూ రారు, నేనే" అని లోపలికి నడుస్తాను.

ఆ వారమే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక భద్రతా లోపాన్ని సరిచేసి కొత్త వెర్షన్ విడుదల చేశారు. అది ఎక్కించడానికి ల్యాబ్ వాళ్ళు నన్ను పిలిపించారు. వీళ్ళ మెషీన్‌కి సరిపడే రెడీమేడ్ ప్యాకేజీ ఇంకా రాలేదు. కాబట్టి సోర్స్ కోడ్ తెచ్చుకుని అక్కడే కంపైల్ చేయాలి, అంటే మనుషులు రాసిన కోడ్‌ను మెషీన్ నడపగల రూపంలోకి మార్చాలి. కొట్లో దోసెల పిండి దొరక్కపోతే పప్పు నానబోసి మనమే రుబ్బుకోవడం లాంటిదే ఇది. అన్ని సరుకులూ ఇంట్లో ఉంటేగాని పని జరగదు.

మొదట మెషీన్ కంపైలరే, అంటే ఆ రుబ్బురోలే, లేదంది. పెట్టాను. వెబ్ చిరునామాలను పోల్చి చూసే లైబ్రరీ లేదంది. అదీ పెట్టాను. సమాచారాన్ని గుట్టుగా పంపే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఉంది గానీ, దాని హెడర్ ఫైళ్ళు లేవంది. సరుకు ఉంది, వాడే పద్ధతి రాసిన కాగితం లేదన్నమాట. అదీ తెచ్చాను. ఇవన్నీ రోజువారీ గొడవలే. స్క్రీన్ మీద వంద ఎర్రర్లు పడితే కొత్తవాళ్ళు చివరిది చదివి కంగారుపడతారు. మొదటిది ఎక్కడ పుట్టిందో పైకి వెళ్ళి చూడాలి. తక్కినవన్నీ దాని పిల్లలు.

అన్నీ సర్దుకుని, కంపైల్ మొదలుపెట్టే 'మేక్' కమాండ్ కొట్టాను. ఈసారి ఎర్రర్ కాదు, వార్నింగ్ వచ్చింది. 'క్లాక్ స్కూ డిటెక్టెడ్.' నువ్విచ్చిన ఫైళ్ళ తేదీ భవిష్యత్తులో ఉంది, గడియారం చూసుకో అని దాని అర్థం. వార్నింగుకి పని ఆగదు, సాగిపోతూనే ఉంటుంది. నేనే ఆపి, తేదీ అడిగాను. బయట ఏప్రిల్ నడుస్తుంటే ఆ సర్వర్ ఇంకా మార్చిలోనే ఉంది. సర్వర్లు నెట్‌లో చూసి తమ టైమును తామే దిద్దుకుంటాయి. ఆ ఏర్పాటును ఎవరో పనిగట్టుకుని ఆపేశారు.

ల్యాబ్ యజమాని రంగారావు గారిని పిలిచాను. "ఈ గడియారం ఎవరు మార్చారండీ?"

ఆయన నవ్వారు. "అదా మేడమ్! మార్చిలో ముహూర్తం పెట్టించామండి. ఏసీ బిగించేవాళ్ళు ఆలస్యం చేశారు. ఈలోపు మూఢం వచ్చిపడింది. మూఢంలో మొదటి బిల్లు ఎట్టా కొడతామండీ? అందుకని మెషీన్‌లో ముహూర్తం తేదీ పెట్టించి కొబ్బరికాయ కొట్టాం. మన ఇబ్బంది దేవుడికి తెలీదా?"

"దేవుడికి తెలుస్తుందండి. సర్వర్‌కి తెలీదు. మర్నాడైనా దిద్దించలేదేం?"

"బిల్లుల తేదీల్లో సందు వస్తుందన్నారండి. మూఢం వెళ్ళాక మార్చుకుందాంలే అని."

నేనూ గృహప్రవేశానికి పంచాంగం చూపించినదాన్నే. మంచిరోజు కోసం ఎదురుచూడడంలో తప్పేమీ లేదు. ఎదురుచూసే ఓపిక లేక రోజునే మార్చేస్తే అది భక్తి ఎట్లా అవుతుంది?

అసలు సంగతి నాకు అప్పుడు తట్టింది. పాత భవనంలోని సర్వర్ చివరి రోజు దాకా సరైన తేదీలతో నడిచింది. ఆ రిపోర్టులన్నీ ఇందులోకి ఎక్కించారు. ఆ తర్వాత వచ్చిన కొత్త రిపోర్టులకేమో వెనకటి తేదీ పడుతోంది. డాక్టర్ల పేజీలో 'తాజా రిపోర్టు' అని ఒక బటన్ ఉంటుంది. అది సర్వర్ తేదీ చూసి ఎంచుతుంది. అంటే పాత సర్వర్ చివరి రోజుల్లో ఒకసారి, కొత్తదాంట్లో ఇంకోసారి పరీక్ష చేయించుకున్నవాళ్ళకు అది పాత రిపోర్టునే తాజాదంటూ చూపిస్తుంది.

"అలాంటివాళ్ళందరికీ ఇప్పుడే ఫోన్ చేయాలి" అన్నాను.

"రిపోర్టు లోపల సెంటర్‌వాళ్ళు రాసిన అసలు తేదీ ఉంటుంది కదా మేడమ్. చూసుకోవాల్సింది డాక్టర్లు. మీరు గడియారం సరిచేసి వెళ్ళండి, ఇవన్నీ మీకెందుకు?"

"మీ ఇంట్లోవాళ్ళ రిపోర్టయితే ఎందుకో మీకే తెలిసేది."

అలాంటివాళ్ళు కొద్దిమందే తేలారు. బాపట్ల వాళ్ళకు ప్రమాదమేమీ జరగలేదు. తర్వాత రేపల్లె సెంటర్లో రక్తం తీసే సుజాతకు ఫోన్ చేసి, మస్తాన్ అనే పేరు చదివాను.

"టైలర్ మస్తాన్ గారా మేడమ్? ఆయన పోయారండి."

"ఎప్పుడు?"

"మా దగ్గర రక్తం ఇచ్చిన రాత్రేనండి. కిడ్నీ జబ్బు కదండీ, కొబ్బరిబొండాం విషంతో సమానం. భార్య తాగించిందంట. పొటాషియం పెరిగి గుండె ఆగిపోయింది. అందరూ ఆవిణ్ణే తిట్టిపోస్తన్నారు."

ఆ రోజు రిపోర్టు తెరిచాను. పొటాషియం అంకె ఎర్రగా ఉంది. అంతకుముందు రిపోర్టులో మామూలుగానే ఉంది. డాక్టరు ఆ సాయంత్రం 'తాజా' బటన్ నొక్కి తెరిచింది ఆ మామూలుదాన్నే. సర్వర్ లాగ్‌లో, అంటే ఎవరు ఏది తెరిచారో మెషీన్ రాసుకునే చోట, ఎర్ర అంకె ఉన్నదాన్ని ఎవరూ తెరిచిన జాడ లేదు.

మర్నాడు ఆ కాగితాలు పట్టుకుని రేపల్లె వెళ్ళాను. ముందుగదిలో కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. భార్య నూర్జహాన్ గోడకు ఆనుకుని కూర్చుంది. అత్తగారు మంచం మీద ఉంది. ముహూర్తం దగ్గర్నుంచి జరిగిందంతా వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను.

నూర్జహాన్ నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరు గారు బాగుందన్నారక్కా. పొటాషియం తగ్గింది, భయం లేదన్నారు. ఎన్నాళ్ళ నుంచో ఒక్క బొండాం అని పిల్లాడిలా అడుగుతుంటే, ఎప్పుడూ ఇయ్యనిదాన్ని, ఆ మాట విని ఇచ్చా. డాక్టరు గారేమో నేనట్టా అన్లేదంటన్నారంట. నా మాట ఎవళ్ళూ నమ్మలా."

"తాగించింది తనే కదమ్మా" అంది అత్తగారు.

"తనే. డాక్టరు చూసింది మంచి రిపోర్టేనని ఇందులో ఉంది. మీ కోడలు అబద్ధం ఆడలేదు" అన్నాను, కాస్త గట్టిగానే.

ముసలామె మంచం మీద లేచి కూర్చుంది. "అయితే మావాడు ఎవరి ముహూర్తానికో పోయాడంటావా?"

 

"నేను బొండాం ఇయ్యకపోతే బతికేవాడా అక్కా?" నూర్జహాన్ అడిగింది.

"నాకు తెలీదమ్మా. నువ్వు ఇవ్వకముందే రక్తంలో ప్రమాదం ఉంది. అసలు రిపోర్టు చూసుంటే ఆస్పత్రిలో చేర్చుకునేవాళ్ళు. అంతవరకే నేను చెప్పగలను."

ఆమె ఏడవలేదు. ఆ కాగితాలు తీసుకుని అత్తగారి ఒళ్ళో పెట్టింది. ఆవిడకు చదవడం రాదు. అయినా వేలితో ఆ ఎర్ర అంకె ఎక్కడుందో చూపించమంది.

ల్యాబ్ వాళ్ళు నన్ను మళ్ళీ పిలవలేదు. నూర్జహాన్ కేసు వేసింది, నేను సాక్ష్యం చెప్పాను. "డాక్టరు తేదీ చూసుకోకపోతే గడియారం ఏం చేస్తుంది?" అని నాతో వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. డాక్టరు తప్పు డాక్టరుది. 'తాజా' అని రాసి పాతది అందించినవాళ్ళ తప్పు వాళ్ళది. ఒకరి తప్పు ఇంకొకరిది కొట్టేయదు.

కోర్టులో ల్యాబ్ తరఫు లాయరు నన్ను ఇలా అడిగారు. "మేడమ్, ముహూర్తం తేదీతో నడిచిన ఆ రోజుల్లో సర్వర్ ఒక్క పూటైనా ఆగిందా? ఒక్క ఎర్రరైనా వచ్చిందా?"

"లేదండి."

"అంటే బాగా పనిచేసినట్టే కదా?"

కంపైల్ చేస్తూ ఎర్రర్ రాగానే విసుక్కునే పిల్లలకు నేను ఇప్పుడు చెప్పేది ఆ రోజు ఆయనకు చెప్పిన జవాబే. "ఆగలేదు సార్. ఆగిపోయి ఉంటే డాక్టరు ల్యాబ్‌కి ఫోన్ చేసి అంకె అడిగేవాడు."